మేయర్ లేని ఉక్కు నగరం

జంషెడ్‌పూర్‌లో మేయర్ ఎన్నిక ఇంతవరకు జరగలేదు. లోక్‌సభకు ఎంపీని, తూర్పు, పశ్చిమ నియోజకవర్గాలకు ఎమ్మెల్యేలను ఎన్నుకునే ఈ ఊరివాళ్లు తమ వీధి పాలన కోసం ఓటు వేసి ఎరగరు. ఖర్‌కాయీ నది దాటితే సంగతి వేరు. అవతలి ఒడ్డున ఆదిత్యపూర్‌కు నగరపాలక సంస్థ ఉంది. 2018లో అక్కడి ఓటర్లు మేయర్‌ను నేరుగా ఎన్నుకున్నారు.

ఊరు పుట్టిన తీరులోనే దీనికి కారణం ఉంది. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. మరుసటి ఏడాది సాక్చి దగ్గర కర్మాగారం పని మొదలైంది. పక్కనే ఊరు కట్టడానికి మొదటి ప్లానును పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెనెడీ సంస్థ గీసింది. రోడ్లు, క్వార్టర్లు, ఆసుపత్రి, నీళ్లు, కరెంటు అన్నీ కంపెనీ పెట్టుబడే. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. 1924లో నోటిఫైడ్ ఏరియా కమిటీ వచ్చింది. అందులోని వాళ్లు నియమితులే తప్ప ఎన్నికైనవారు కారు. నీళ్లు, చెత్త, కరెంటు కంపెనీ విభాగాలే చూసుకునేవి; 2004లో ఆ పని జుస్కో అనే అనుబంధ సంస్థకు అప్పజెప్పారు.

అలాగని ఊరివాళ్లకు ఎన్నికలు తెలియవనుకుంటే పొరపాటు. 1920లో పుట్టిన జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్‌కు ఒకప్పుడు సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడు. దాని వారసత్వంగా నిలిచిన టాటా వర్కర్స్ యూనియన్‌లో కార్మికులు మొదట డిపార్ట్‌మెంటువారీగా కమిటీ మెంబర్లను ఎన్నుకుంటారు, ఆ మెంబర్లు అధ్యక్షుణ్ని, ఇతర ఆఫీస్ బేరర్లను ఎన్నుకుంటారు. ఓట్ల లెక్కింపు రోజున ఊళ్లో ఎక్కడ చూసినా ఆ మాటే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లదీ ఇదే అలవాటు. బిష్టూపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కమిటీకి కూడా ప్యానెళ్లు కట్టి పోటీ చేస్తారు. గుడి పాలకవర్గాన్ని ఎన్నుకునే చేతికి, గుడి ముందు రోడ్డు సంగతి చూసేవాణ్ని ఎన్నుకునే హక్కు లేదు.

ఇనుము వ్యాపారులకూ నగర పాలనకూ ఉన్న సంబంధం ఇంకోచోట మరోలా నడిచింది. 1886 నవంబరులో న్యూయార్క్ మేయర్ పదవికి ముగ్గురు పోటీపడ్డారు. డెమోక్రాట్ల అభ్యర్థి ఏబ్రమ్ హ్యూయిట్ ట్రెంటన్‌లో ఇనుము కర్మాగారం నడిపిన వ్యాపారి. కార్మిక సంఘాలు భూమిపై పన్ను సిద్ధాంతకర్త హెన్రీ జార్జ్‌ను నిలబెట్టాయి. రిపబ్లికన్ల తరఫున నిలిచిన యువకుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. హ్యూయిట్‌కు సుమారు 90 వేలు, జార్జ్‌కు 68 వేలు, రూజ్‌వెల్ట్‌కు 60 వేల ఓట్లు వచ్చాయి. ఓట్ల కొనుగోలు, పార్టీ ముఠాల పెత్తనం అప్పటి న్యూయార్క్‌లో మామూలే. అయినా కర్మాగారం యజమాని ఊరిని ఏలాలంటే కూలివాళ్ల ఓటు అడగక తప్పలేదు. జంషెడ్‌పూర్‌లో ఆ అవసరం రాలేదు.

ఓటు హక్కు కోసం పోరాటం కోర్టుకెక్కింది. జంషెడ్‌పూర్‌కు మునిసిపాలిటీ కావాలని ఊరివాడైన జవహర్‌లాల్ శర్మ 1988లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు ఎన్నికైన పాలకవర్గాలను తప్పనిసరి చేసింది. కానీ 243-క్యూ అధికరణంలో ఒక మినహాయింపు ఉంది: పరిశ్రమ తానే పౌర సేవలు అందిస్తున్న ప్రాంతాన్ని గవర్నర్ పారిశ్రామిక పట్టణంగా ప్రకటించవచ్చు, అప్పుడు మునిసిపాలిటీ ఏర్పాటు అవసరం లేదు. 2023 డిసెంబరులో జార్ఖండ్ ప్రభుత్వం ఆ దారే పట్టింది.

కంపెనీ కాలనీల్లో నీళ్లు, రోడ్లు దేశంలోని చాలా నగరాల కన్నా మేలన్నది నిజం. లీజు భూముల చుట్టూ పెరిగిన బస్తీలు వేరు. '86 బస్తీల' యాజమాన్య హక్కు ప్రతి అసెంబ్లీ ఎన్నికల్లోనూ హామీగా వినిపిస్తుంది. అక్కడి మురుగు కాలువ గురించి అడగడానికి వార్డు సభ్యుడంటూ ఎవరూ లేరు. కుళాయి నీళ్లు బాగా వస్తున్నాయన్న కారణం ఓటుకు బదులు కాదు. కదమా లాంటి కంపెనీ కాలనీకైనా, బస్తీకైనా ఆదిత్యపూర్‌కు ఉన్న హక్కే ఉండాలి.