పల్లె పేపర్లో ఒక మరణవార్త

నేనుండేది నెబ్రాస్కా రాజధాని లింకన్‌లో. అమెరికా అనగానే మనవాళ్లకు న్యూజెర్సీ, టెక్సస్, కాలిఫోర్నియా గుర్తొస్తాయి. మొక్కజొన్న చేలు తప్ప కంటికేమీ ఆనని ఈ నడిమి రాష్ట్రాలకు చరిత్రేముంటుందని అడిగిన చుట్టాలున్నారు. ఉంది. దాన్ని తెలుసుకోవడానికి ఇక్కడి పల్లెటూరి వారపత్రికల్లో పడిన పాత మరణవార్తలు చదవాలి.

మా వీధిలో ఒక పెద్దావిడ తన తాతమ్మ వంశం ఆరా తీస్తూ 1913 నాటి వార్త నకలు ఒకటి నాకు చూపించారు. పట్టుమని ఇరవై పంక్తుల్లేవు. చనిపోయినావిడ రష్యాలోని నోర్కాలో పుట్టింది. 1876లో భర్తతో ఈ దేశం వచ్చింది. హోమ్‌స్టెడ్ భూమిలో కాపురం పెట్టింది. పదిమందిని కని నలుగురిని పోగొట్టుకుంది. భర్త, ఆరుగురు బిడ్డలు, ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు. ఇంత రాసిన పత్రిక ఆవిడ పేరు మాత్రం వేయలేదు. మిసెస్ అని పెట్టి, పక్కన భర్త పేరు అచ్చువేసింది.

రష్యాలో పుట్టినా ఆవిడ రష్యన్ కాదు, జర్మన్. వోల్గా తీరంలోని బీళ్లు సాగులోకి తేవడానికి కేథరిన్ మహారాణి 1763లో విదేశీయులను పిలిచింది. సైన్యంలో చేరనక్కర్లేదు, మీ మతం మీరు పాటించుకోండి అని మాటిచ్చింది. అలా వెళ్లిన జర్మన్ రైతులు 1767లో కట్టుకున్న ఊరే నోర్కా. వందేళ్లు దాటాక ఆ మాట చెల్లలేదు. 1874లో నిర్బంధ సైనిక సేవ వాళ్లకూ వచ్చిపడింది. అదే కాలంలో అమెరికా రైలు కంపెనీలు పట్టాల వెంబడి తమకు దక్కిన భూములు అమ్ముకోవడానికి యూరప్‌కు ఏజెంట్లను పంపుతున్నాయి. కొడుకులను యుద్ధానికి పంపలేని రైతులు మళ్లీ మూటాముల్లె కట్టారు. లింకన్‌లో వాళ్లు స్థిరపడిన పేటలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక హోమ్‌స్టెడ్. 1862లో అధ్యక్షుడు లింకన్ సంతకం చేసిన చట్టం ప్రకారం 160 ఎకరాల్లో ఇల్లు వేసుకుని, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే భూమి సొంతమవుతుంది. పౌరుడైనా అయి ఉండాలి, అవుతానని రాసైనా ఇవ్వాలి. పట్టా చేతికి రావాలంటే ఇద్దరు సాక్షులు చెప్పాలి: ఇల్లు ఎన్ని అడుగులు, బావి తవ్వారా, ఎన్నెకరాలు దున్నారు, ఏం పండించారు. ఆ ఫైళ్లు నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. వార్తలో హోమ్‌స్టెడ్ అన్న మాట కనబడితే అలాంటి ఫైలు ఒకటి వెతకొచ్చన్నమాట.

పదిమంది బిడ్డల సంగతి జనాభా లెక్కల్లో సరిచూసుకోవచ్చు. 1900, 1910 లెక్కల్లో ప్రతి తల్లినీ ఎంతమందిని కన్నారు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. 1890 లెక్కల కాగితాలు మాత్రం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి. దాంతో 1880, 1900 లెక్కల మధ్య ఏర్పడిన ఇరవయ్యేళ్ల ఖాళీని పూడ్చేది ఇలాంటి వార్తలే. అలాగని అన్నీ నమ్మకూడదు. దుఃఖంలో ఉన్న పిల్లలు చెప్పిన ఏళ్లవి. సమాధి రాయితో, చర్చి రిజిస్టరుతో పోల్చుకోవాలి.

నన్ను బాగా కదిలించింది తమ్ముళ్ల ప్రస్తావన. వాళ్ల ఇంటిపేరే ఆవిడ పుట్టింటి పేరు. పత్రిక మింగేసిన ఆడమనిషి ఉనికి తమ్ముళ్ల పేర్ల దగ్గర దొరికింది. ఆ ఇంటిపేరు పట్టుకుని వెళ్తే నోర్కా చర్చి రికార్డుల్లో ఆవిడ తల్లిదండ్రులను వెతకొచ్చు.

ఆ వార్త చెప్పనిదీ ఉంది. ఈ నేల పావ్నీ, ఓటో-మిజౌరియా వంటి తెగలది. ఆవిడ కుటుంబం వచ్చిన ఆ దశాబ్దంలోనే పావ్నీలను ఇప్పటి ఓక్లహోమాకు తరలించేశారు. తొలితరం రైతులను కీర్తిస్తూ మరణవార్తలు రాసిన పల్లె పత్రికల్లో, ఇల్లూ పొలమూ వదిలి వెళ్లిన ఆ తెగల మనుషులకు చోటు దక్కడం అరుదు.

తర్వాత జర్మన్లకూ కష్టకాలం వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ మాట్లాడితేనే అనుమానం. ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు పరాయి భాష నేర్పరాదని 1919లో నెబ్రాస్కా చట్టం చేసింది. సుప్రీం కోర్టు 1923లో కొట్టేసింది కానీ, అప్పటికే చాలా ఇళ్లలో పెద్దలు పిల్లలతో జర్మన్ మానేశారు. మా పెద్దావిడకు తాతమ్మ భాష ఒక్క ముక్క రాదు. ఇక్కడ పిల్లలను పెంచుతున్న తెలుగువాడిగా నాకది ఎంతో దిగులు కలిగించే సంగతి.

తద్దినం నాడు మనం మూడు తరాల పేర్లు చెబుతాం. నాలుగో తరం అడిగితే చాలామందిమి తెల్లమొహం వేస్తాం. మన పేపర్లలో శ్రద్ధాంజలి ప్రకటనలకు కొదవ లేదు, కానీ వాటిలో ఫొటో, కర్మ తేదీ, శోకతప్త కుటుంబ సభ్యుల పేర్లు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. మీ ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు నాలుగు ముక్కలు అదనంగా వేయించండి: ఏ ఊళ్లో పుట్టారు, ఏ ఏడు, తల్లి పేరేమిటి, ఆడవాళ్లయితే పుట్టింటి ఇంటిపేరేమిటి. బతికున్న పెద్దలనైతే ఈ వారమే అడిగి రాసిపెట్టుకోండి.