వేడిని మింగిన మట్టి

చలిదేశాల్లో చిన్న వర్క్‌షాపు నడిపేవాడికి నవంబరు వచ్చిందంటే రంపం కన్నా పొయ్యి మీదే ధ్యాస ఎక్కువ. అమెరికా వాయవ్య మూలనున్న ఒరెగాన్ సంగతే చూడండి. అక్కడి లోయల్లో శీతకాలం పొడుగునా మంచు తక్కువ, ముసురు ఎక్కువ. రేకుల షెడ్డులో ఉలి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. పది డిగ్రీల కిందకు దిగితే తెల్ల జిగురు సరిగా పట్టదు. కరెంటు హీటరు పెడదామంటే, పుట్టిన వేడంతా రేకుల సందుల్లోంచి బయటికి పోతుంది, బిల్లు మాత్రం ఇంట్లోకి వస్తుంది. పొగగొట్టం లేని గ్యాసు హీటరుతో ఇంకో తంటా. కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. అదంతా చల్లటి ఇనుము మీద చెమ్మగా చేరి పనిముట్లకు తుప్పు పట్టిస్తుంది.

ఇలాంటి షెడ్లకు పనికొచ్చే చవక ఉపాయం ఒకటి ఆ రాష్ట్రంలోనే పుట్టింది. కానీ దాని మూలం చలి కాచుకునే పొయ్యి కాదు, వేల మైళ్ల అవతల గ్వాటెమాలాలోని ఒక వంట పొయ్యి.

1976 ఫిబ్రవరి 4న గ్వాటెమాలాలో పెద్ద భూకంపం వచ్చి ఇరవై వేల మందికి పైగా చనిపోయారు. కొండ ప్రాంతపు పల్లెల్లో ఇళ్లతో పాటు వంటిళ్లూ నేలమట్టమయ్యాయి. సాయానికి వెళ్లిన బృందాల్లో ఇయాంటో ఎవాన్స్ అనే వేల్స్ దేశస్థుడు ఉన్నాడు. అతనూ తోటివారూ స్థానికులతో కలిసి మట్టీ ఇసుకా కలిపి ఒక దిమ్మె కట్టి, దాన్ని తొలిచి, గిన్నెలకు గుంటలూ పొగకు గొట్టమూ అమర్చారు. దానికి లొరేనా పొయ్యి అని పేరు. పొగగొట్టమున్న మట్టిపొయ్యి మనకు కొత్తేమీ కాదు. హైదరాబాదులో ఎస్.పి. రాజు అనే ఇంజినీరు అలాంటిది తయారుచేసి, 1953లోనే దాని మీద ఒక చిన్న పుస్తకం వేశారు.

లొరేనా పొయ్యి పేరు తెచ్చుకుంది. పొగ బయటికి పోయింది, ఖర్చు లేదు, ఎవరికి వారే కట్టుకోవచ్చు. ఇన్ని సుగుణాలున్నది కట్టెలు కూడా ఆదా చేసే ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆ ఆదా సంగతి ఒరెగాన్‌లో అప్రొవెచో అనే పరిశోధన కేంద్రంలో తేలింది. కట్టెలు తూచి, నీళ్లు కాచి చూస్తే, మూడు రాళ్ల పొయ్యి కన్నా మట్టి దిమ్మెకే ఎక్కువ కట్టెలు పట్టిన సందర్భాలున్నాయి. గిన్నెకు అందాల్సిన వేడిని క్వింటాళ్ల కొద్దీ మట్టి ముందుగా మింగేస్తోంది. వంట అయిపోయాక గంటల తరబడి తీరిగ్గా కక్కుతోంది. వంటిల్లాలికి ఆ తర్వాతి వెచ్చదనంతో ఏం పని?

ఇక్కడే ఆ కేంద్రంలో పనిచేసిన లారీ వినియార్‌స్కీ రంగంలోకి వచ్చాడు. 1980ల మొదట్లో ఆయన ఆలోచన సూటిగా సాగింది: మంట మండేచోట బరువైన మట్టి ఉండకూడదు, వేడిని పీల్చుకోని తేలిక సరుకు ఉండాలి. ముందు కట్టె పూర్తిగా కాలాలి, ఆ తర్వాతే వేడిని వాడుకోవాలి. ఎందుకంటే ఎండు కట్టె బరువులో ముప్పాతిక వంతు దాకా వేడి తగలగానే వాయువులుగా లేచిపోతుంది. మనం పొగ అని విసుక్కునేది చాలామటుకు కాలకుండా పారిపోతున్న ఇంధనమే. మోచెయ్యిలా వంగిన సన్నటి మార్గం, దాని పైన నిలువు గొట్టం, చుట్టూ బూడిదో ప్యూమిస్ రాయో నింపితే లోపలి వేడి చెదరదు, ఆ వాయువులూ అంటుకుంటాయి. దీన్నే రాకెట్ పొయ్యి అన్నారు.

ఎవాన్స్ ఆ మంటను తీసుకుని, వంటకు పనికిరాకుండా పోయిన మట్టిని దానికి మళ్లీ జతచేశాడు. వంటలో మట్టి చేసిన నేరమే గదిని వెచ్చబెట్టడంలో దాని గొప్ప. నిలువు గొట్టం మీద 200 లీటర్ల పాత నూనె డ్రమ్మును బోర్లించాడు. గొట్టం మూతికీ డ్రమ్ము కప్పుకూ మధ్య రెండు మూడు అంగుళాల సందు. వేడి వాయువులు పైకెక్కి, కప్పుకు తగిలి, డ్రమ్ము గోడల వెంట కిందికి దిగుతూ చల్లబడతాయి. ఎదురుగా నిలబడ్డ మనిషికి ఆ ఇనుము సెగ వెంటనే తగులుతుంది. అక్కడి నుంచి పొగ గొట్టం బంకమట్టి, ఇసుక, గడ్డి కలిపి కట్టిన పొడవాటి అరుగు లోపల పాకుతూ పోయి గోడ దాటుతుంది. పొయ్యి బాగా కుదిరితే బయటికొచ్చే గొట్టం మీద చెయ్యి పెట్టినా కాలదు. ఈ పద్ధతి మీద ఎవాన్స్, లెస్లీ జాక్సన్ రాసిన పుస్తకం 2006లో వచ్చింది. చైనా పల్లెల్లో కాంగ్ అనే వెచ్చటి మట్టి మంచాలు శతాబ్దాలుగా ఉన్నాయి కాబట్టి అరుగు ఆలోచన పాతదే. దాని కింద అంత శుభ్రమైన మంట పెట్టడం కొత్త.

ఇది వర్క్‌షాపుకు సరిపోతుందా అన్నది పని గంటలను బట్టి ఉంటుంది. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసే వడ్రంగికి ఇంతకన్నా చవక దొరకదు. తునకలు, చెక్క ముక్కలు ఊరికే వస్తాయి, మట్టి కాళ్ల కిందే ఉంది. ఉద్యోగం ముగించుకుని రాత్రి రెండు గంటలు కుర్చీ చేసుకునేవాడికి మాత్రం అరుగు దండగ. అది వేడెక్కేసరికి అతను ఇంటికి పోతాడు, ఆ వెచ్చదనం ఖాళీ షెడ్డుకు దక్కుతుంది. అతనికి అరుగు లేకుండా డ్రమ్ము ఒక్కటే చాలు. లేదంటే బల్ల మీదికి తిప్పి పెట్టిన ఇన్‌ఫ్రారెడ్ హీటరు నయం, అది గాలిని వదిలేసి మనిషినే కాస్తుంది. ఏది ఎంచుకున్నా ముందు తలుపు సందులు మూసి, కప్పు కింద థర్మాకోల్ లాంటిది వేయించకపోతే డబ్బు బూడిదపాలే.

పచ్చికట్టె వేస్తే ఈ పొయ్యీ మామూలు పొయ్యిలాగే పొగ కక్కుతుంది, ఎందుకంటే మంట వేడిలో కొంత నీళ్లు ఆవిరి చేయడానికే పోతుంది. రంపపు పొట్టుతో ఇంకా జాగ్రత్త కావాలి. మన ఊళ్లలో డబ్బాలో కూరి వాడిన పొట్టు పొయ్యిలో అది నిదానంగా కాలేది. అదే పొట్టు సన్నటి దుమ్ముగా గాలిలో లేచినప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. వార్నిషు, థిన్నరు ఆవిర్లదీ అదే తీరు. కాబట్టి పాలిష్ పట్టే రోజున పొయ్యి ఆర్పేయాల్సిందే, డబ్బాలను వేరే గదిలో పెట్టాల్సిందే. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తగిలించాలి. సొంతంగా కట్టుకున్న పొయ్యి ఉంటే షెడ్డుకు బీమా ఇస్తారో లేదో కట్టకముందే కనుక్కుని, తేడా వస్తే ఆ సొమ్ము కూడా లెక్కలో వేసుకోవాలి.