పల్లెకు సెలవొచ్చిన చలికాలం

సెలవు అనే మాట మా మాదిగపల్లెలోకి ఎట్లా వచ్చిందో చెప్పాలంటే పెద్ద దొర, పెద్ద దొరసాని దగ్గర మొదలుపెట్టాలి. పెద్ద దొర అంటే లైమన్ జ్యూయెట్. పెద్ద దొరసాని ఆయన భార్య యుఫీమియా. వాళ్ల తర్వాత వచ్చిన క్లౌ దొరను మా నాయనమ్మ చిన్న దొర అనేది. ఆమె వాళ్లెవరినీ చూళ్లేదు. తన అవ్వ చెప్పింది తను చెప్పింది.

1853 డిసెంబరు ఆఖర్న పెద్ద దొర దంపతులు నెల్లూరు నుంచి డెబ్బై మైళ్లకు పైగా ప్రయాణం చేసి ఒంగోలు వచ్చారు. ఆయన పుట్టింది అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో. మంచు దేశం. అయినవాళ్లంతా పొయ్యి చుట్టూ చేరే కాలంలో ఈ భార్యాభర్తలు భాష పూర్తిగా పట్టుబడని దేశంలో, వినేవాళ్లు లేని ఊళ్లో వాక్యం చెప్పుకుంటూ తిరిగారు. 1854 జనవరి 1న, తెల్లారకముందే ఊరి పక్క కొండెక్కి ప్రార్థన చేశారు. ఈ తెలుగు దేశం మీదికి వెలుగు రావాలని అడిగారు. ఆ కొండను మావోళ్లు ఇప్పుడు ప్రార్థన కొండ అంటారు.

క్రిస్మస్ నాడు కాకుండా కొత్త సంవత్సరం నాడే ఎందుకెక్కారని నేను చిన్నప్పుడు అడిగేవాణ్ణి. జవాబు పెద్దయ్యాక పుస్తకాల్లో దొరికింది. వాళ్ల ప్రాంతంలో పాతకాలపు ప్రొటెస్టెంట్లకు క్రిస్మస్ పెద్ద పండగేం కాదు. అదే ప్రాంతంలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో క్రిస్మస్‌ను సెలవు దినంగా చట్టం చేసిందే 1856లో. అంటే కొండెక్కిన రెండేళ్లకు. దొరల దేశంలోనే అప్పటికి సరిగా సెలవు కాని పండగ తర్వాత మా పల్లెల్లో సెలవు పండగైంది. ఆ సెలవును దొరలు పెట్టెలో పెట్టుకుని ఓడలో తేలేదు. అది ఎట్లా వచ్చిందన్నదే నేను చెప్పదలుచుకున్న చరిత్ర.

ముందు కొండ సంగతి పూర్తి చేస్తాను. ఆ రోజు కొండ మీద ఉన్నది ఇద్దరు కాదు, ఐదుగురు. దొర, దొరసాని కాక జూలియా, రూతు, నర్సు అనే ముగ్గురు తెలుగువాళ్లున్నారు. ఏటా జనవరి ఒకటో తారీకున మా చర్చిలో ఈ కథ చెప్తారు. దొర ప్రార్థన చెప్తారు, దొరసాని ఓర్పు చెప్తారు. మిగతా ముగ్గుర్నీ 'మరి కొందరు విశ్వాసులు' అని ఒక్క మాటలో దాటేస్తారు. కొండ మీద సగం కంటే ఎక్కువమంది మనోళ్లే అయినా, వాళ్లు ఆ చీకట్లో ఏం అడిగారో మనకు ఎవరూ చెప్పరు.

అప్పటికి ఈ మిషను పరిస్థితి ఏమీ బాగాలేదు. శామ్యూల్ డే దంపతులు 1836లో వచ్చి, 1840లో నెల్లూరు చేరి మొదలుపెట్టిన పని అది. పదమూడేళ్లు గడిచినా చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1853లోనే అమెరికాలో సభ పెట్టి, ఇంత డబ్బు పోసి ఇంత తక్కువ పంట, మూసేద్దామా అని మాట్లాడుకున్నారు. పటంలో ఒక్క చుక్కగా ఉన్న నెల్లూరుకి 'ఒంటరి నక్షత్రం' అని పేరు పడింది అప్పుడే. 1862లో జబ్బుపడి వెళ్లిన జ్యూయెట్‌కు మళ్లీ అదే మాట ఎదురైంది. మీరు మూసేసినా నేను వెళ్తాను, అక్కడే చచ్చిపోతానన్నాడట ఆయన. 1865లో తిరిగొచ్చాడు. యాభై దాటిన మనిషి. వెంట వచ్చినవాళ్లే జాన్ క్లౌ, హారియెట్ క్లౌ దంపతులు.

ఇక్కడ మా పల్లెల్లో చలికాలం ఎట్లా ఉండేదో చెప్పాలి. మార్గశిరం, పుష్యం దొరలకు ఊళ్లు తిరిగే కాలం. గుడారాలు బండ్లకెత్తుకుని చింతతోపుల్లో దిగేవాళ్లు. వాళ్ల విశ్రాంతి ఎండాకాలంలో, చల్లటి కొండల మీద. మాకు చలికాలమంటే కోతలు, కుప్పలు, నూర్పిళ్లు. కపిల బానలు కుట్టాలి, చెప్పులు కుట్టాలి, మోకులు, వార్లు బాగుచెయ్యాలి. కళ్లం దగ్గర రాత్రుళ్లు కాపలా ఉండాలి. గొడ్డు చస్తే ఈడ్చాలి. ఊళ్లో పెళ్లయినా చావైనా జాతరైనా డప్పు కొట్టాలి. వీటన్నిటికీ కూలి అంటూ లేదు. కళ్లంలో చివర ఊడ్చిపెట్టిన మేర గింజలే. సంక్రాంతి ఊరి పండగ. మాకు ఆ రోజు పని ఇంకా ఎక్కువ. ఏడాదిలో ఒక్క రోజు కూడా మాది అనే రోజు లేదు.

అట్లాంటి పల్లెలో పుట్టినవాడు యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ల దూరంలో తాళ్లకొండపాడు ఆయన ఊరు. తోళ్ల బేరం చేసేవాడు. దొరలు వెతికి పట్టుకున్న అమాయకుడని అనుకుంటే పొరపాటు. అంతకు ముందే బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నవాడు. మావోళ్లకు ఉపదేశం చెప్పిన ఆడమనిషి ఆమె. చెప్పులు కుట్టే చేతులతోనే దేవుడెవరు, మనిషెవరని వెతుకుతున్న పేరయ్య బేరం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు కొత్త మాట విన్నాడు. తనే దారి అడుగుతూ ఒంగోలు వచ్చాడు. 1866లో పెద్ద దొరే ఆయనకు, భార్య నాగమ్మకు బాప్తిస్మం ఇచ్చాడు. క్లౌ దొర రెండో భార్య ఎమ్మా 1899లో ఆ మాదిగ గురువుల కథలన్నీ ఒక పుస్తకంగా రాసింది. ఆ పుస్తకం పేరే చెప్పులు కుడుతుండగా అని. ఆ దొరసాని రాయకపోతే వీరమ్మ పేరు కూడా మట్టిలో కలిసిపోయేది.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో మొదలైంది. మళ్లీ అదే తారీకు. ఆ నెలలోనే క్లౌ దొర తాళ్లకొండపాడు వెళ్లాడు. పేరయ్య ముందే నలుమూలల పల్లెలకు కబురు పంపాడు. జనం గుడ్డల్లో సద్ది కట్టుకుని వచ్చి, చింతతోపులో రోజుల తరబడి కూర్చుని విన్నారు. ఇరవై ఎనిమిదిమంది బాప్తిస్మం తీసుకున్నారు. చలికాలంలో, పని ముమ్మరంలో, మాదిగలు పని మానేసి చెట్టు కింద కూర్చున్నారు. నా లెక్కలో మా జాతి తీసుకున్న మొదటి సెలవు అదే.

ఒంగోల్లో దొరలకు చిక్కు వచ్చిపడింది. అప్పటికే వాళ్ల బడికి పై కులాల పిల్లలు వస్తున్నారు. వాళ్లతో మొదలుపెడితే పని సాగుతుందని దొర ఆశ. మాదిగలను చేర్చుకుంటే వాళ్లు పోతారు. ఆ గుంజాటనలో దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు కనిపించిందట. దేవుడు బలహీనుల్ని, నీచంగా చూడబడేవాళ్లను ఎన్నుకున్నాడని చెప్పే చోటు. పై కులాల పిల్లలు బడి మానేశారు. మాదిగలు చేరారు. చర్చిలో దీన్ని దేవుని నడిపింపు అంటారు. నేను కాదనను. కానీ దొరలు మమ్మల్ని ఎన్నుకునే లోపలే పేరయ్య వాళ్లను ఎన్నుకున్నాడు. ఆ సంగతి కూడా చెప్పాలి గదా.

చేరినవాళ్లకు మూడు కట్టడులు పెట్టారు. విగ్రహాలకు మొక్కకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఆదివారం పని చెయ్యకూడదు. వినడానికి భక్తి సంగతుల్లా ఉంటాయి. ఊరి పెత్తందార్లకు మాత్రం అసలు సంగతి వెంటనే అర్థమైంది. మొక్కకపోతే జాతరలో డప్పు కొట్టేదెవరు? ఆదివారం రాకపోతే కోత కోసేదెవరు? వారానికి ఒక రోజు మాదిగోడు 'ఇవాళ నాది' అంటే వెట్టి పునాదే కదులుతుంది. కరణాలు, మునసబులు కలిసి బావులకు అడ్డంపడ్డారు. పశువుల్ని మేపనివ్వలేదు. దొంగ కేసులు బనాయించారు. మావోళ్లు దెబ్బలు తిన్నారు, జైలుకెళ్లారు, ఆదివారం మాత్రం వదల్లేదు. కట్టడి పెట్టింది దొర. వీపు మీద దాని ధర కట్టింది మావోళ్లు.

1876–78 కరువు సంగతి అందరికీ తెలిసిందే కనక క్లుప్తంగా చెప్తాను. క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కంట్రాక్టు తీసుకున్నాడు. మావోళ్లు తవ్వారు, మా బోధకులే మేస్త్రీలు. కూటికోసం చేరారనే మాట రాకూడదని కరువున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున ఏట్లోకి దిగి. దొర గట్టున ఉన్నాడు.

వందేళ్ల తర్వాత కూడా సెలవు ఉత్తినే రాలేదని నేను కళ్లారా చూశాను. మా నాయన ఒక ఆసామి దగ్గర జీతగాడు. ఒక ఏడు క్రిస్మస్‌కు రానని చెప్పమంటే నాయనకు నోరు రాలేదు. నాయనమ్మే వెళ్లింది. వెనకాలే నేనూ వెళ్లాను.

"ఏందే, మీ పండగైతే మా గొడ్లు పస్తుండాల్నా?" అన్నాడు ఆసామి.

"పస్తెందుకుంటయ్యయ్యా. కోడికూసేతలికి నేనొచ్చి మేతేసి నీళ్లు పెట్టిపోతా. నా కొడుకుని మటుకు గుడికి పోనియ్యి."

"మీ దొరలే వెళ్లిపోయిరి. ఇంకా ఎవరికోసం ఈ పండగ?"

"దొర కోసం ఎప్పుడు చేశామయ్యా?" అంది నాయనమ్మ.

ఆ ఏడు కళ్లంలో నాయన జీతం గింజల్లోంచి రెండు కుంచాలు కోత పడింది. నాయనమ్మ ఆ రెండు కుంచాలను ఎప్పుడూ నష్టం కింద చెప్పుకోలేదు. పండగ ఖర్చు కింద చెప్పుకుంది.

దొరలు మంచివాళ్లా చెడ్డవాళ్లా అని తగువు పడేవాళ్లు ఉన్నారు. ఆ భార్యాభర్తలు అయినవాళ్లను వదిలి వచ్చారు, జబ్బులు పడ్డారు, బిడ్డల్ని చదువుకు దూరదేశం పంపుకుని బతికారు. అదంతా నిజమే. వాళ్ల బంగళాల్లో మావోళ్లు వంటవాళ్లుగా, బండి తోలేవాళ్లుగా ఉండిపోయారు, రిపోర్టుల్లో అంకెలుగా మిగిలారు. అదీ నిజమే. వాళ్లకు తిరిగి వెళ్లడానికి ఒక దేశం ఉంది. మాకు ఈ ఊరి చివర పల్లే ఉంది. వాళ్లిచ్చిన పేరు పెట్టుకున్న పాపానికి 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మమ్మల్ని షెడ్యూల్డు కులాల్లోంచి తీసేసింది. బీసీ-సీ కింద ఒక్క శాతం మా వాటా. దేవుడు మారాడని ప్రభుత్వం గుర్తుపట్టింది గాని ఊరు గుర్తుపట్టలేదు. పేరయ్య కాలంలో బావికి అడ్డంపడ్డ ఊళ్లే, 1985 జూలైలో కారంచేడులో మాదిగల తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవకు ఆరుగురిని చంపాయి. అప్పట్లో ప్రార్థన కొండ ఉన్న జిల్లాలోనే కారంచేడు ఉండేది. దండోరా పుట్టిన ఈదుముడి కూడా ఈ జిల్లాలోదే. 1994లో అక్కడ మోగిన డప్పు జాతరకు మోగింది కాదు. దొర వద్దన్న డప్పును మావోళ్లు మళ్లీ చేతికి తీసుకుని, ఈసారి తమకోసం కొట్టుకున్నారు. ఊరి దేవతకు కొట్టనని మానుకున్న తాతల తెగువే మనవల డప్పులోనూ ఉందని నా నమ్మకం.

కనక జనవరి ఒకటిన కొండ కథ చెప్పే అయ్యగార్లకు నా మనవి ఒక్కటే. పెద్ద దొర పేరు చెప్పండి, పెద్ద దొరసాని పేరు చెప్పండి. ఆ వెంటనే జూలియా, రూతు, నర్సు పేర్లు కూడా నోరారా చెప్పండి. వీరమ్మ, పేరయ్య, నాగమ్మ పేర్లు చెప్పండి. ఆదివారం పనికి రానని దెబ్బలు తిన్నవాళ్ల పేర్లు ఎక్కడా రాసిలేవు. వాళ్లకోసం ఆ పూట ఒక్క నిమిషం పని ఆపితే చాలు.