నడవడికకు ప్రతిఫలం: ప్రజారోగ్య బీమాలో ప్రోత్సాహకాల చరిత్ర

1. ఉపోద్ఘాతం

ఆరోగ్యాన్ని శ్రద్ధగా కాపాడుకునేవారికి బీమాలో అదనపు మేలు చేకూర్చడం ఇటీవలి విధానంగా కనిపించవచ్చు. కాని సభ్యుని నడవడికను బీమా హక్కుతో ముడిపెట్టడం సామాజిక బీమా పుట్టుకనుండే ఉంది. బిస్మార్క్ హయాంలో 1883లో జర్మనీ చేసిన కార్మికుల ఆరోగ్య బీమా చట్టం, తాగుడు వల్ల గాని, తాను పాల్గొన్న కొట్లాట వల్ల గాని జబ్బుపడిన సభ్యునికి వ్యాధికాల భృతిని నిరాకరించే అధికారాన్ని బీమా నిధులకు ఇచ్చింది. అంటే శిక్ష ముందు వచ్చింది, ప్రోత్సాహకం తర్వాత వచ్చింది. ఈ రెండింటి మధ్య సరిహద్దు ఎక్కడుందో జర్మనీ, అమెరికా అనుభవాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. జర్మనీ: దంతవైద్య బోనస్ పుస్తకం

1989లో అమలులోకి వచ్చిన ఆరోగ్య సంస్కరణ చట్టం దంతవైద్యంలో 'బోనస్ పుస్తకం' పద్ధతికి దారితీసింది. వయోజనులు ఏడాదికొకసారి, పద్దెనిమిదేళ్లలోపువారు ఆరు నెలలకొకసారి పళ్లు పరీక్ష చేయించుకొని, పుస్తకంలో నమోదు చేయించుకోవాలి. తర్వాత ఎప్పుడైనా కట్టుడు పళ్లు అవసరమైతే బీమా చెల్లించే వాటా పెరుగుతుంది. 2020 అక్టోబరు నుండి ప్రామాణిక చికిత్స వ్యయంలో మూల వాటా 60 శాతం. ఐదేళ్లు క్రమం తప్పనివారికి అది 70 శాతం, పదేళ్లు తప్పనివారికి 75 శాతం. అల్పాదాయ వర్గాలకు పుస్తకంతో నిమిత్తం లేకుండానే ప్రామాణిక చికిత్స ఖర్చు పూర్తిగా లభిస్తుంది.

అయితే ఇదే తర్కం మరో దారి కూడా పట్టింది. 1978 తర్వాత పుట్టినవారికి 1997 నుండి కట్టుడు పళ్ల సహాయాన్ని నిలిపివేశారు. నివారణ సేవలు అందుకున్న తరం తన పళ్లను తానే కాపాడుకోగలదన్నది ఇందుకు చూపిన హేతువు. ఏ వ్యక్తి ఏం చేశాడో చూడకుండా ఒక తరాన్నంతటినీ బాధ్యులను చేసిన ఈ నిబంధనను, ప్రభుత్వం మారాక, 1999 నుండి తొలగించారు.

3. అమెరికా: ఒకే ఏడాది, రెండు మార్గాలు

అమెరికాలో పేదల వైద్యబీమా అయిన మెడికెయిడ్‌ను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నిర్వహిస్తాయి. 2006 ఫిబ్రవరిలో సంతకమైన లోటు తగ్గింపు చట్టం, కొన్ని లబ్ధిదారుల వర్గాలకు వేరుగా సేవల జాబితాలు రూపొందించుకొనే వీలును రాష్ట్రాలకు కల్పించింది. ఆ వీలును వినియోగించుకొని వెస్ట్ వర్జీనియా 'మౌంటెన్ హెల్త్ చాయిసెస్' పథకాన్ని చేపట్టింది. పేద కుటుంబాల పిల్లలు, తల్లిదండ్రులు దీని పరిధిలోకి వచ్చారు. వైద్యుడు చెప్పినట్లు మందులు వాడతామని, ఇచ్చిన సమయానికి హాజరవుతామని, అత్యవసర విభాగాన్ని అనవసరంగా ఉపయోగించబోమని ఒప్పందంపై సంతకం చేసినవారికి విస్తృత పథకం వర్తించింది. చేయనివారు ప్రాథమిక పథకంలో ఉండిపోయారు. అందులో నెలకు నాలుగు మందులకే అనుమతి. పొగాకు మానిపించే కార్యక్రమాలు, బరువు తగ్గించే కార్యక్రమాలు విస్తృత పథకానికే పరిమితమయ్యాయి. అలవాటు మార్చుకోవడానికి సాయం ఎవరికి ఎక్కువ అవసరమో, వారికే అది అందని పరిస్థితి ఏర్పడింది. పిల్లల సేవలు తల్లిదండ్రుల సంతకంపై ఆధారపడ్డాయి. లబ్ధిదారుల్లో అత్యధికులు ప్రాథమిక పథకంలోనే మిగిలిపోయారు. 2010లో ఈ ప్రయోగం ముగిసింది.

అదే 2006లో ఫ్లోరిడా బ్రోవర్డ్, డువాల్ కౌంటీలలో వేరొక పద్ధతిని ప్రారంభించింది. నిర్దేశిత ఆరోగ్య చర్యలకు ఏడాదికి 125 డాలర్ల వరకు ఖాతాలో జమచేసి, మందుల దుకాణాల్లో ఆరోగ్య సంబంధ వస్తువులు కొనుక్కొనే వీలు కల్పించింది. ఈ జమ పొందనివారికి ఆ కారణంగా ఏ సేవా తగ్గలేదు. కాని జమలో అధిక భాగం పిల్లల వైద్యానికి, సాధారణ వైద్య సందర్శనలకు దక్కింది. పొగ మానడానికి, బరువు తగ్గడానికి దక్కింది అత్యల్పం. ఈ పద్ధతి ఎవరికీ హాని చేయలేదు గాని, కష్టసాధ్యమైన అలవాట్లను మార్చగల శక్తీ దానికి అంతగా లేదని తేలింది.

4. ముగింపు

పై ఉదాహరణలన్నిటిలో 'వ్యక్తిగత బాధ్యత' అన్న భావన సామాన్యం. వాటి ఫలితాలలో తేడా మాత్రం షరతు నెరవేర్చనివారికి ఏం మిగిలిందన్న దానిపై ఆధారపడింది. బోనస్ పుస్తకం లేని జర్మన్ పౌరునికి మూల వాటా దక్కుతుంది, పేదవానికి పూర్తి రక్షణ ఉంటుంది. సంతకం చేయని వెస్ట్ వర్జీనియా కుటుంబానికి మందులపైనే పరిమితి పడింది. పేరుకు ప్రోత్సాహకమైనా, అది అందనివారి కోణం నుండి చూస్తే 1883 నాటి నిరాకరణకు దగ్గరగా నిలిచింది. కనుక ఇలాంటి పథకాల చరిత్రను రాసేటప్పుడు బహుమతి పొందినవారి సంఖ్యతో పాటు, పొందనివారు ఏ సేవను కోల్పోయారో, ఆ షరతును నెరవేర్చే అవకాశం వారికి నిజంగా ఉందో లేదో నమోదు చేయడం అవసరం.