హోర్ష్ మోటారు కార్ల సంస్థ: ఒక పేరు చరిత్ర

జర్మనీ దేశపు తొలితరం మోటారు కార్ల సంస్థలలో హోర్ష్ ఒకటి. ఆగస్ట్ హోర్ష్ అనే ఇంజనీరు దీనిని 1899 నవంబరు 14న కొలోన్ నగరంలోని ఎరెన్‌ఫెల్డ్ ప్రాంతంలో స్థాపించారు. నేడు ప్రపంచమంతటా పేరొందిన ఆడి సంస్థకు కూడా మూలపురుషుడు ఈయనే. అయితే ఆ రెండవ సంస్థకు ఆయన తన సొంత పేరు పెట్టుకోలేకపోయారు. అందుకు గల కారణం తెలుసుకొనదగినది.

తొలి దశ

ఆగస్ట్ హోర్ష్ 1868 అక్టోబరు 12న మోజెల్ నదీతీరంలోని విన్నింగెన్ గ్రామంలో ఒక కమ్మరి కుటుంబంలో జన్మించారు. మిట్‌వైడాలో సాంకేతిక విద్య పూర్తిచేసి, 1896లో మన్‌హైమ్ నగరంలోని కార్ల్ బెంజ్ కర్మాగారంలో చేరారు. అక్కడ కార్ల తయారీ విభాగానికి అధిపతిగా పనిచేసి, మూడేళ్ల పిమ్మట సొంత సంస్థను ప్రారంభించారు.

తొలి హోర్ష్ కారు 1901లో రోడ్డెక్కింది. 1902లో సంస్థ సాక్సనీ ప్రాంతంలోని రైఖెన్‌బాఖ్‌కు, 1904లో అక్కడికి సమీపంలోని స్వికావ్ పట్టణానికి తరలింది. ఇంజను శక్తిని చక్రాలకు గొలుసుతో గాక ఇరుసు కడ్డీతో అందించడం, గేర్లకు క్రోమియం, నికెల్ కలిసిన గట్టి ఉక్కును వాడడం హోర్ష్ కార్ల విశిష్టతలు. 1906లో సుప్రసిద్ధమైన హెర్కోమర్ పోటీలో హోర్ష్ కారు విజయం సాధించింది.

పేరుకై వివాదం

స్వికావ్‌కు వచ్చిన ఏడాదే సంస్థ వాటాదారుల కంపెనీగా మారింది. దీనితో నిర్ణయాధికారం స్థాపకుని చేతిలో నిలువలేదు. కార్ల నాణ్యతకై, పందేలకై ఎంతైనా వెచ్చించాలన్నది ఆయన పట్టుదల; లెక్కలు చూసుకోవలసిన బాధ్యత పాలకవర్గానిది. విభేదాలు ముదిరి, 1909లో ఆయన తాను స్థాపించిన సంస్థనే విడిచిపెట్టారు.

అదే ఏడాది జూలై 16న, అదే పట్టణంలో, తన పేరుతోనే ఆయన మరొక సంస్థను నెలకొల్పారు. పాత సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ‘హోర్ష్’ అన్నది వ్యాపారచిహ్నంగా కంపెనీ సొత్తు గనుక, కొత్త కార్లకు ఆ పేరు వాడరాదని తీర్పు వచ్చింది. తండ్రి ఇచ్చిన ఇంటిపేరు మనిషికి మిగిలింది. దానిని కారు మీద వ్రాసుకునే హక్కు మాత్రం పోయింది.

కొత్త పేరు కోసం మిత్రుడు ఫికెన్‌చర్ ఇంట చర్చ జరుగుతుండగా, ఒక మూల లాటిన్ పాఠం చదువుకుంటున్న ఆయన కుమారుడు ఉపాయం చెప్పాడని హోర్ష్ 1937లో వెలువడిన తన ఆత్మకథలో వ్రాశారు. జర్మన్ భాషలో ‘హోర్ష్’ అంటే ‘ఆలకించు’ అని అర్థం. అదే అర్థం గల లాటిన్ పదం ‘ఆడి’. ఈ విధంగా 1910 ఏప్రిల్‌లో సంస్థ ఆడి పేరిట నమోదైంది. న్యాయస్థానం నిషేధించినది శబ్దాన్నే గాని అర్థాన్ని కాదు గదా!

మరల ఒకే గూటికి

1912 నుండి 1914 వరకు ఆస్ట్రియా ఆల్ప్స్ పర్వతాలలో జరిగిన కార్ల పోటీలలో ఆడి జట్టు వరుసగా నెగ్గింది. 1920లో ఆగస్ట్ హోర్ష్ ఆడి నిర్వహణ నుండి కూడా తప్పుకొని బెర్లిన్ చేరారు. హోర్ష్ సంస్థ 1926లో ఎనిమిది సిలిండర్ల కారును విడుదల చేసి, సంపన్నుల కార్ల తయారీలో అగ్రస్థానం పొందింది.

ఆర్థిక మాంద్యం తరువాత, 1932లో ఆడి, డి.కె.డబ్ల్యు., హోర్ష్, వాండరర్ సంస్థలు ఆటో యూనియన్‌గా ఏకమయ్యాయి. ఆడి కారు ముందు నేడు కనిపించే నాలుగు వలయాలు ఈ నాలుగింటికి గుర్తు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ సంస్థ సైనిక వాహనాలు తయారుచేసింది. నిర్బంధ శిబిరాల ఖైదీలతో సహా వేలాది మందిచేత వెట్టిచాకిరి చేయించిన చీకటి అధ్యాయమూ దీని చరిత్రలో భాగమే.

యుద్ధానంతరం స్వికావ్ తూర్పు జర్మనీలో చేరింది. కర్మాగారాలు ప్రభుత్వపరమయ్యాయి. ఒకనాడు పేరుకై పోరాడిన ఆ రెండు కర్మాగారాలు 1958లో ఒకే ప్రభుత్వ సంస్థగా విలీనమై, 1991 వరకు 30 లక్షలకు పైగా ట్రాబాంట్ కార్లను తయారుచేశాయి. పశ్చిమ జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో 1949లో కొత్త ఆటో యూనియన్ ఏర్పడింది. అది ఫోక్స్‌వాగన్ చేతికి వచ్చిన పిమ్మట, 1965లో ఆడి పేరు తిరిగి కార్లపైకి వచ్చింది.

ఆగస్ట్ హోర్ష్ 1951 ఫిబ్రవరి 3న కన్నుమూశారు. స్వికావ్‌లోని పాత ఆడి కర్మాగార ప్రాంగణంలో నేడు ఆయన పేరిట ప్రదర్శనశాల ఉన్నది. 2021లో ఆడి సంస్థ చైనా విపణికై రూపొందించిన ఒక విలాసవంతమైన కారుకు ‘హోర్ష్’ అని పేరు పెట్టింది. 1909లో స్థాపకునికి దక్కని పేరు, ఆయన స్థాపించిన రెండవ సంస్థ కారు మీదికి 112 ఏళ్ల తరువాత చేరింది.