గ్యాస్ బండకు చిరునామా ఎందుకు?

విద్యార్థులారా! ఈ పాఠాన్ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ వంటింట్లో ఉన్న ఎర్రటి గ్యాస్ బండ ఎవరిది? "మాదే" అని మీరు వెంటనే అంటారు. కాదు. మీ ఇంట్లో వాళ్లు డబ్బు కట్టి కొన్నది లోపలి గ్యాస్‌ను మాత్రమే. బండ ఆయిల్ కంపెనీది. దాన్ని వాడుకోవడానికి మీరు కొంత డిపాజిట్ కట్టారు, అంతే. గ్యాస్ అయిపోగానే ఆ బండ వెళ్లిపోతుంది, దాని స్థానంలో మరొకటి వస్తుంది. పోయిన నెల మీ ఇంట్లో ఉన్న బండ ఈ నెల ఎవరి వంటింట్లో ఉందో మీకు తెలియదు.

ఇలా ఖాళీ అవుతూ, నిండుతూ, చేతులు మారుతూ తిరగడమే గ్యాస్ బండ చరిత్ర. ఈ తిరుగుడు సాగాలంటే బండ ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడి నుంచి తిరిగి రావాలో తెలియాలి. అంటే ఒక చిరునామా కావాలి. మరి చిరునామా నిలకడగా లేని మనిషి సంగతేమిటి? పని కోసం ఊరు మారే కూలీ, బస్సులోనే వండుకుంటూ వెళ్లే యాత్రికుడు ఏం చేయాలి? ఈ పాఠంలో మనం ఆలోచించబోయేది ఇదే.

బండలోకి గ్యాస్ ఎలా వచ్చింది?

పెట్రోలు నిల్వ ఉంచితే అందులోంచి కొన్ని ఆవిర్లు లేచిపోతాయి. అమెరికా గనుల శాఖలో పనిచేసిన వాల్టర్ స్నెల్లింగ్ అనే రసాయన శాస్త్రవేత్త 1910 ప్రాంతంలో ఆ ఆవిర్లను పరిశీలించాడు. వాటిలో ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువులు ఉన్నాయని, ఒత్తిడి పెంచితే అవి ద్రవంగా మారతాయని గుర్తించాడు. మనం ఎల్పీజీ అని పిలిచేది ఈ ద్రవీకృత పెట్రోలియం వాయువునే.

ఇందులోని గొప్పతనం ఒక్క అంకెతో అర్థమవుతుంది. ఒక లీటరు ఎల్పీజీ ద్రవం వాయువుగా మారితే సుమారు 250 లీటర్లవుతుంది. అంటే ఒక గదిని నింపగల వాయువు ఒక మనిషి ఎత్తుకోగల ఇనుప పాత్రలో ఇమిడిపోతుంది. బొగ్గు గ్యాస్‌కు పైపులు కావాలి. ఎల్పీజీకి అక్కర్లేదు. అది మనిషి వెంట నడిచి వెళ్లగల ఇంధనం.

మన దేశంలో 1955లో బర్మా షెల్ కంపెనీ బొంబాయిలో ఎల్పీజీ అమ్మకం మొదలుపెట్టింది. ఇండియన్ ఆయిల్ వారి మొదటి ఇండేన్ కనెక్షన్ 1965 అక్టోబరు 22న కలకత్తాలో ఇచ్చారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు గ్యాస్ కనెక్షన్ కోసం పేరు రాయించుకుని ఎదురుచూడటం మధ్యతరగతి కుటుంబాలకు మామూలు విషయమైంది. ఆ సంగతి మీ తాతయ్యను, అమ్మమ్మను అడగండి, చెబుతారు.

నింపడంలో ఉన్న శాస్త్రం

ఖాళీ బండ బాట్లింగ్ ప్లాంట్‌కు చేరాక ఏం జరుగుతుంది? ముందు సొట్టలు, తుప్పు ఉన్నాయేమో చూస్తారు. బండ మీద దాని ఖాళీ బరువు రాసి ఉంటుంది. దానికి సరిగ్గా 14.2 కిలోలు చేరేవరకు గ్యాస్ నింపుతారు. తర్వాత వాల్వు లీకవుతోందేమో పరీక్షిస్తారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బండను నిండా నింపరు. అందులో సుమారు ఐదోవంతు భాగాన్ని ద్రవం లేకుండా వదిలేస్తారు. ఎందుకు? వేడికి ఎల్పీజీ ద్రవం నీటికంటే సుమారు పది రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. పై భాగంలో ఖాళీ ఉంటే పెరిగిన ద్రవానికి చోటు దొరుకుతుంది. అంచుదాకా ద్రవమే ఉంటే చోటు లేక అది బండ గోడలను నెడుతుంది. ద్రవాన్ని నొక్కి చిన్నది చేయడం దాదాపు అసాధ్యం. అందువల్ల కొద్దిపాటి వేడి పెరిగినా లోపలి ఒత్తిడి విపరీతంగా పెరిగి బండ చీలిపోవచ్చు. నింపేటప్పుడు తూకం వేసేది లెక్క కోసమే కాదు, ప్రాణరక్షణ కోసం కూడా.

కొత్త బండకు మొదట పదేళ్లకు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి నీటి ఒత్తిడితో పరీక్ష చేస్తారు. తిరిగే వస్తువు కాబట్టే ఇది సాధ్యం. బండ ఎప్పటికప్పుడు ప్లాంట్‌కు వస్తుంది కనుక దాని ఆరోగ్యం చూసే వాళ్లు ఒకరు ఉంటారు. ఈ చక్రం నుంచి బయటపడ్డ బండను ఎవరూ చూడరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

సూరత్: గ్యాస్ పక్కనే, బండ దూరం

ఇప్పుడు గుజరాత్‌లోని సూరత్ నగరానికి వెళదాం. తపతి నది సముద్రంలో కలిసే చోట హజీరా ఉంది. పడమటి సముద్రంలో వెలికితీసిన సహజవాయువు అక్కడి ఓఎన్‌జీసీ ప్లాంట్‌కు వస్తుంది. దానిలోని హానికర వాయువులను తొలగించి, ఎల్పీజీని వేరుచేస్తారు. ఉత్తర భారతానికి గ్యాస్ తీసుకెళ్లే ప్రసిద్ధమైన హెచ్‌బీజే పైపులైన్ పేరులో మొదటి అక్షరం ఈ హజీరాదే. ఇళ్లకు పైపుల ద్వారా గ్యాస్ అందుకున్న తొలి నగరాల్లో సూరత్ కూడా ఉంది.

అదే సూరత్ మన తెలుగువాళ్ల నగరం కూడా. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీ నేత కుటుంబాలు బతుకుతెరువు కోసం అక్కడికి వెళ్లాయి. మన సిరిసిల్లలో సాంచెలు అని పిలిచే మరమగ్గాల మీద అక్కడ చీరల బట్ట నేశారు. లింబాయత్ వంటి బస్తీలలో తెలుగు మాట వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడిపిందంటే అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు.

కుటుంబంతో స్థిరపడి, అద్దె ఒప్పందమో, రేషన్ కార్డో సంపాదించుకున్నవారికి గ్యాస్ కనెక్షన్ దొరికింది. మరి ఒంటరిగా వెళ్లిన కుర్రవాడి సంగతి? నలుగురైదుగురు కలిసి ఒక గదిలో ఉంటారు. అద్దె కాగితం ఉండదు. రేషన్ కార్డు సొంతూళ్లో ఉంటుంది. పని లేకపోతే గది మారుతుంది. ఎల్పీజీ తయారయ్యే చోటికి ఇంత దగ్గరలో ఉండి కూడా, చిరునామా రుజువు లేదు కాబట్టి గ్యాస్ బండ అతనికి అందనంత దూరం.

సూరత్ ఒక్కటే కాదు, దేశంలోని పారిశ్రామిక నగరాలన్నిటిలో ఈ ఖాళీని మరొకటి పూరించింది. అదే చట్టవిరుద్ధంగా గ్యాస్ నింపే చిల్లర వ్యాపారం. పెద్ద బండను తలకిందులు చేసి, ఒక గొట్టంతో చిన్న బండలోకి గ్యాస్ వంచుతారు. తూకం ఉండదు, ఖాళీ ఎంత వదలాలో లెక్క ఉండదు, చిన్న బండకు పరీక్ష ఉండదు. వంచేటప్పుడు కారిన గ్యాస్ గాలికంటే బరువైనది కనుక నేలను పట్టుకుని పాకుతుంది. పక్క గదిలోని పొయ్యి దాన్ని అంటించడానికి చాలు. ఇది తప్పని అందరికీ తెలుసు. కానీ "ఎందుకు కొన్నావు?" అని కూలీని అడిగేముందు, అతనికి మరో దారి ఉందా అని అడగాలి.

కదిలే ఇళ్లు ఏం చేశాయి?

ఇల్లే కదిలితే బండ మార్చుకోవడం ఎలా అనే చిక్కు ఐరోపాలో కూడా వచ్చింది. అక్కడ కారుకు తగిలించుకునే కారవాన్లు, వంటగదితో ఉండే మోటార్ హోమ్‌లు ఎక్కువ. బ్రిటన్‌లో 1935లో మొదలైన కేలర్ కంపెనీ బండల పద్ధతి మనదాంటిదే: ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవాలి. కానీ దేశం దాటితే ఆ బండను అక్కడి దుకాణం తీసుకోదు. వాల్వు వేరు, కంపెనీ వేరు.

దీనికి పరిష్కారంగా యజమానే సొంతం చేసుకుని, వాహనాలకు ఎల్పీజీ పోసే బంకులో నింపుకోగల బండలు వచ్చాయి. వాటిలోని కీలకం ఒక చిన్న పరికరం. ద్రవం 80 శాతానికి చేరగానే లోపలి తేలుడు గుండు వాల్వును మూసేస్తుంది. బాట్లింగ్ ప్లాంట్‌లో తూకం చేసే పనిని ఇక్కడ ఈ వాల్వు చేస్తుంది. ఆ పరికరం లేని మామూలు బండను బంకులో నింపడం అక్కడ కూడా నిషిద్ధమే. బండను సొంతం చేసుకున్నంత మాత్రాన భద్రత బాధ్యత పోదు. దాన్ని ఎవరో ఒకరు, లేదా ఏదో ఒక యంత్రం మోయాలి.

మన దేశం వెతికిన దారి

మన దేశం ఈ దారిలో వెళ్లలేదు. బండను చక్రంలోనే ఉంచి, చక్రంలోకి వచ్చే తలుపును వెడల్పు చేసింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం మొదలైంది. స్వయం సహాయక సంఘాల మహిళలకు డిపాజిట్ భారం లేకుండా కనెక్షన్లు ఇచ్చారు. అది డబ్బు అనే అడ్డును తొలగించింది. చిరునామా అనే అడ్డు మిగిలింది.

2013 అక్టోబరులో ఆయిల్ కంపెనీలు కొన్ని నగరాల పెట్రోలు బంకుల్లో 5 కిలోల బండల అమ్మకం మొదలుపెట్టాయి. సబ్సిడీ ఉండదు, కానీ ఇంటి రుజువు అడగరు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. 2020లో ఇండియన్ ఆయిల్ తన చిన్న బండకు ఛోటూ అని పేరు పెట్టింది. 2021 ఆగస్టులో ప్రారంభమైన ఉజ్వల రెండో దశలో వలస కుటుంబాలు రేషన్ కార్డు, చిరునామా రుజువులకు బదులు స్వయంగా ఇచ్చిన ధ్రువీకరణ సరిపోతుందన్నారు. బొంబాయిలో గ్యాస్ అమ్మకం మొదలైన 1955 నుంచి లెక్కిస్తే ఈ ఒక్క మాట అనడానికి 66 ఏళ్లు పట్టింది.

ఇంకా తేలని చిక్కు ప్రయాణంలో వంట. వంటవాళ్లను, పొయ్యిని, గ్యాస్ బండను వెంటబెట్టుకుని తీర్థయాత్రలకు వెళ్లే బస్సులను మీరు చూసే ఉంటారు. మన కారవాన్లు అవే. 2023 ఆగస్టు 26న మధురై స్టేషన్ దగ్గర నిలిపి ఉంచిన యాత్రికుల రైలు పెట్టెలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లు లక్నో నుంచి బయలుదేరినవారు. నిబంధనలకు విరుద్ధంగా లోపలికి తెచ్చిన గ్యాస్ బండే కారణమని రైల్వే అధికారులు చెప్పారు. రైల్లోకి గ్యాస్ బండ తీసుకెళ్లడం నేరం. బస్సులోనైనా మనుషులు కూర్చునే చోట దాన్ని ఉంచడం, కిటికీలు మూసిన వాహనంలో వెలిగించడం ప్రాణాలతో చెలగాటమే. వాహనం ఆపి, దిగి, ఆరుబయట వండుకోవాలి.

మీరు చేయవలసిన పని

ఇంటికి వెళ్లాక మీ గ్యాస్ బండ పైనున్న గుండ్రటి పిడిని చూడండి. దాన్ని బండకు కలిపే మూడు పట్టీల్లో ఒకదాని మీద ఏ, బి, సి, డి అనే ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి, పక్కన రెండంకెల సంఖ్య ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. సంఖ్య సంవత్సరాన్ని చెబుతుంది. ఆ గడువులోగా బండకు మళ్లీ పరీక్ష జరగాలి. గడువు దాటిన బండ వస్తే తీసుకోవద్దని ఇంట్లో చెప్పండి.

ఆ తర్వాత మీ వీధిలో ఇల్లు కడుతున్న చోట, ఇటుక బట్టీ దగ్గర, హోటల్ వెనక గదిలో ఉంటున్న వలస కూలీలు దేనిమీద వండుకుంటున్నారో అడిగి తెలుసుకోండి. చిరునామా రుజువు లేకుండా చిన్న బండ దొరుకుతుందని వాళ్లలో ఎంతమందికి తెలుసో రాసుకోండి. తెలియనివారికి మీరే చెప్పండి.