గొంతు ఎవరిచ్చారు? - నాజర్ కథ

జంషెడ్‌పూర్‌లో సాక్చి పక్కనే ఉండే కాసిడీహ్‌లో మా బంధువులున్నారు. ఆ మధ్య వెళ్ళినప్పుడు వాళ్ళబ్బాయి తను కట్టిన పాట పాడాడు. ఉక్కు పనిలో కాంట్రాక్టు కూలీల కష్టం మీద, సగం తెలుగు, సగం హిందీ. బాగుంది. అక్కడున్న ఒక పెద్దాయన మాత్రం, "సరస్వతి ఇచ్చిన గొంతురా ఇది. రాజకీయాలకు పాడుచేసుకోకు. భజనలు పాడుకో" అన్నారు. కుర్రాడి మొహం చిన్నబోయింది. అప్పుడు నేను నాజర్ సంగతి చెప్పాను.

షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టాడు. దూది ఏకడం ఆ కులవృత్తి. ఆయన గొంతు ఏ దేవత వరం? గురువు దగ్గర సంగీతం నేర్చాడు. నాటకాల్లో వేషాలు కట్టాడు. ఊరూరా పాడి పదునుపెట్టుకున్నాడు. ఆ శ్రమను దేవుడి ఖాతాలో వేస్తే మనిషికి మిగిలేదేమిటి?

ఇక రాజకీయాల మాట. బుర్రకథకు మూలం జంగాలు చెప్పుకునే జంగంకథ. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దాన్ని జనం సమస్యల వైపు తిప్పింది. తంబురాతో కథకుడు, గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత నవ్విస్తాడు, రెండో వంత పాత కథను నేటి రాజకీయానికి ముడిపెడతాడు. అంటే రాజకీయం బయటినుంచి అంటిన మురికి కాదు, ఆ కళ నిర్మాణంలోనే ఉంది. చదువురాని రైతుకూలీకి బెంగాల్ కరువు దేవుడి శాపం కాదని చెప్పడానికి అంతకన్న మంచి సాధనమేముంది? పాలకులకూ ఇది అర్థమైంది. మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వం, హైదరాబాదులో నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయి. భజనలను ఎవరైనా నిషేధించారా?

అదే కళకు 1986లో నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన చనిపోయాడు. ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'పింజారి'. జనం తిట్టుగా వాడే కులం పేరును పుస్తకం అట్టమీదికి ఎక్కించాడు.

కుర్రాడికి ఇంకో మాట కూడా చెప్పాను. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పాట మంచిదైపోదు. నాజర్‌లా సాధన చెయ్యాలి.

పెద్దాయన ఒప్పుకోలేదు. కుర్రాడు మాత్రం 'పింజారి' కావాలన్నాడు. అతనికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. వాళ్ళమ్మ ఆ రాత్రే అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది.